నాలుగు నిమ్మకాయలు తొక్కిన బండి

ఏడో తరగతిలో బడి మానేసినవాడికి ఇంతకంటే చల్లటి పని దొరకదని ఊరు వెళ్ళినప్పుడల్లా గొప్పలు చెప్పేవాణ్ణి. షార్జా రోలాలో నాది ఏసీ రిపేరు షాపు. లైసెన్సు కఫీల్ పేరు మీద, అంటే నాకు పూచీ ఉన్న అరబ్బు ఆసామి పేరు మీద ఉండేది. నిచ్చెన మాత్రం నాదే. చల్లదనమంతా గదిలో కూర్చున్నవాళ్ళది. నేను బాల్కనీలో మిషను వెనకాల నిలబడి, అది బయటికి ఊదే వేడినంతా ముఖాన వేయించుకునేవాణ్ణి. అలాంటివాడు ముచ్చటపడి కొత్త కారు కొంటే దాని ఏసీ పనిచెయ్యలేదు. నవ్వుకోండి. టీ కొట్టు దగ్గర అందరూ నవ్వారు. మొదటి వారం నేనూ నవ్వాను. ఆ తరువాత నవ్వు రాలేదు. 

ఎందుకంటే మా అమ్మాయికి చెమట పట్టదు.

మాట వరసకి అంటున్నది కాదు. పుట్టుకతోనే చెమట గ్రంథులు సరిగ్గా లేవు. మనకి ఒళ్ళు వేడెక్కితే చెమట పోసి చల్లబడుతుంది. దానికి వేడి లోపలే ఉండిపోతుంది. బుగ్గలు ఎర్రబడతాయి, కళ్ళు వాలిపోతాయి, ఇంకాస్త ఆలస్యమైతే ఫిట్స్ వస్తాయి. గోదావరి పక్క మా ఊళ్ళో దానికి రెండో ఏడు వచ్చేదాకా ఎండాకాలమంతా మా ఆవిడ తడి తువ్వాలు పట్టుకునే బతికింది. కరెంటు పోతే పిల్లని చంకనేసుకుని బావి దగ్గరికి పరుగు. అందుకే ఇద్దర్నీ షార్జా తీసుకొచ్చేశాను. మా బావమరిది తిట్టాడు. "ఎండ పడని పిల్లని ఎడారికి తీసుకెళ్తారా బావగారూ, మతి ఉండే మాట్లాడుతున్నారా?" అన్నాడు. "అక్కడ ఎండ బయట ఉంటుందిరా. మనూళ్ళో ఇంట్లోకొచ్చి కూర్చుంటుంది" అన్నాను.

నిజమే చెప్పాను. అక్కడ ఇల్లు చల్లన, బడి చల్లన, ఆసుపత్రి చల్లన. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఉన్న ఇరవై అయిదు నిమిషాలే మాకు ఎడారి. బడి బస్సు ఉంది కానీ అది ప్రతి వీధిలో ఆగి తలుపు తెరుస్తూ గంటసేపు తిరుగుతుంది. టాక్సీ అంటారా, ఆ రోజుల్లో షార్జాలో మధ్యాహ్నం ఒంటిగంటకి టాక్సీ దొరికినవాడు స్నేహితులకి మిఠాయి పంచేవాడు. కాబట్టి కారు కావాలి. పాతది కొంటే ఎవడో వదిలించుకున్న రోగం నాకు తగులుకుంటుందని కొత్తదే కొన్నాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

రెండువేల ఆరు చలికాలంలో బండి తీసుకున్నాం. మా ఆవిడ చేతిసంచీలో నాలుగు నిమ్మకాయలు తెచ్చింది. పాలరాయిలా మెరిసే షోరూములో, నాలుగు టైర్ల కింద నాలుగు కాయలు పెట్టింది. అమ్మకం చేసినాయన పరిగెత్తుకొచ్చాడు.

"మేడమ్, మేడమ్, యే క్యా హై?"

"దిష్టండీ" అంది మా ఆవిడ తెలుగులోనే, ఆయన మా పక్కింటాయన అయినట్టు.

బండి కదిలింది. నాలుగూ చితికాయి. రసం ఆ నేల మీద పాకింది. ఆయన మొహం నిమ్మరసం తాగినట్టే అయింది. అయినా ముందు అద్దానికి అంటించిన స్టిక్కరు నాకు చూపించి, ఈ బండి గల్ఫ్ ఎండకోసం ప్రత్యేకంగా తయారైంది, కావాలంటే ఎడారిలో కాపురం పెట్టుకో అన్నాడు. ఆ స్టిక్కరు చూసే మేము సంతకం పెట్టాం.

చలికాలమంతా బండి బంగారం. మే నెల వచ్చింది.

ఒంటిగంటకి యూకేజీ వదిలారు. అమ్మాయిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని బయల్దేరాను. బండి పరిగెడుతున్నంతసేపూ బాగానే ఉంది. పెద్ద సిగ్నల్ దగ్గర ట్రాఫిక్ ఆగింది. రెండు నిమిషాలు, నాలుగు నిమిషాలు. ముఖానికి తగిలే గాలి మెల్లగా మారింది. చల్లగాలి కాస్తా ఉత్త గాలి అయింది, ఉత్త గాలి కాస్తా ఆవిరి అయింది.

"నాన్నా, ఏసీ నిద్రపోయింది" అంది వెనక నుంచి.

బట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు నీళ్ళు చల్లే సీసా ఒకటి బండి తలుపు జేబులో ఎప్పుడూ ఉంటుంది. "కొట్టుకో అమ్మలూ, ముఖానికి కొట్టుకో" అన్నాను. కొట్టుకుంది. కాసేపటికి కొట్టుకోవడం మానేసింది. అద్దంలో చూస్తే బుగ్గలు దానిమ్మ గింజల్లా ఉన్నాయి. బండిని అలాగే పేవ్‌మెంటు ఎక్కించాను. వెనకాల హారన్లు, తిట్లు. పిల్లని ఎత్తుకుని ఎదురుగా ఉన్న బఖాలాలోకి, అదే కిరాణా కొట్టులోకి, పరిగెత్తాను. కూల్‌డ్రింకుల ఫ్రిజ్ తలుపు బార్లా తెరిచి దాని ముందు కూర్చోబెట్టాను. పాల పాకెట్లు తీసి పొట్ట మీద, మెడ కింద పెట్టాను. కొట్టు ముసలాయన ఒక్క మాట అడగలేదు. ఇంకో నాలుగు పాకెట్లు తెచ్చి ఇచ్చాడు.

పావుగంటకి కళ్ళు తెరిచి, "చాక్లెట్ పాలు లేవా?" అంది.

నాకు ప్రాణం లేచి వచ్చింది. వచ్చిన ప్రాణం కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు.

కంపెనీ సర్వీసు సెంటరుకి వెళ్ళాను. కౌంటర్లో టై కట్టుకున్న ఒకాయన ఉన్నాడు. వివరంగా చెప్పాను. ఆగితే ఏసీ ఆగుతుంది, నడిస్తే నడుస్తుంది, ఎండలో మాత్రమే. ఆయన రాసుకున్నాడు. రేపు ఉదయం ఏడున్నరకి బండి తీసుకురా అన్నాడు. మధ్యాహ్నం తెస్తానంటే, మధ్యాహ్నం బళ్ళు తీసుకోం, వర్క్‌షాపు పద్ధతి అది అన్నాడు.

ఇక్కడే ఉంది అసలు దొంగతనం. ఏడున్నరకి బండి తీసుకుంటారు. రాత్రంతా చల్లబడిన బండి. దాన్ని నీడలో, పెద్ద పెద్ద కూలర్లు తిరిగే షెడ్డులో నిలబెడతారు. ఏసీ వేస్తారు. గాలి వచ్చే చోట థర్మామీటర్ పెడతారు. ఎందుకు చల్లగా ఉండదండీ? ఆ షెడ్డులో అగ్గిపెట్టె పెట్టినా చల్లగానే ఉంటుంది. కాగితం మీద "నో ఫాల్ట్ ఫౌండ్" అని కొట్టి చేతికిస్తారు. నాకు మిషన్ల మీద రాసి ఉండేటంత ఇంగ్లీషు వచ్చు. ఆ మూడు ముక్కలూ బాగా వచ్చు.

మొదటిసారి అంతే. రెండోసారి అంతే. రెండోసారి కౌంటరు ఆసామితో గొడవ పెట్టుకున్నాను.

"భాయ్, మా పాపకి ఆరోగ్యం బాగోదు. ఏసీ ఆగితే ప్రాణం మీదకొస్తుంది."

"ఏసీ తో కంఫర్ట్ ఐటమ్ హై, భాయ్‌సాబ్" అన్నాడు. "సేఫ్టీ నహీ. బ్రేకు అయితే సేఫ్టీ. స్టీరింగ్ అయితే సేఫ్టీ. ఏసీ కంఫర్ట్."

కంఫర్ట్. సౌకర్యం. ఎడారి దేశంలో చల్లగాలి సౌకర్యం. ఆ మాట అన్నది ఎక్కడ కూర్చుని? పద్దెనిమిది డిగ్రీల్లో కోటేసుకుని కూర్చుని. నేను నెత్తి మీద చూస్తే గోడకి స్ప్లిట్ ఏసీ ఉంది. ఆ కంపెనీ మిషన్లు నాకు బాగా తెలుసు. రిమోటు లేకుండా ఎలా ఆపాలో కూడా తెలుసు. చెయ్యి ఎత్తి మూత కింద ఉన్న బటన్ నొక్కేశాను. "కంఫర్ట్ ఐటమే కదా భాయ్, కాసేపు ఆపుకుందాం" అన్నాను. గార్డు వచ్చి నన్ను బయటికి నడిపించాడు. పాపం మంచివాడు, తలుపు దాటాక నవ్వాడు.

ఇంటికొచ్చి కింద పార్కింగ్‌లో బానెట్ ఎత్తాను. చెయ్యి పెట్టలేదు. నేను చెయ్యి పెడితే వారంటీ పోతుంది, అది వాళ్ళ పుస్తకంలో మొదటి పేజీలోనే ఉంది. కళ్ళు మాత్రం పెట్టాను. టార్చి వేసి చూశాను. ఏసీలో గ్యాసు తెచ్చిన వేడిని బయటికి వదిలే జల్లెడ ఒకటి ముందు ఉంటుంది, కండెన్సర్ అంటారు. రూము ఏసీలో నేను వీపు కాల్చుకునేది దాని దగ్గరే. కారు పరిగెడితే ఎదురుగాలే దాన్ని చల్లబరుస్తుంది. ఆగితే ఫ్యాన్ తిరగాలి. నా బండిలో ఫ్యాన్ ఒకటే ఉంది. దాని పక్కన ఇంకో ఫ్యాన్ పట్టేంత ఖాళీ ఉంది, దాన్ని బిగించే నాలుగు బెజ్జాలు కూడా ఉన్నాయి. మా బిల్డింగులోనే అయిదో అంతస్తులో ఒకాయనకి ఇదే బండి, ఇదే మోడలు. ఆయన్ని బతిమాలి బానెట్ ఎత్తించాను. రెండు ఫ్యాన్లు.

అంటే నాది చల్లటి దేశానికి కట్టిన బండి. దానికి గల్ఫ్ స్టిక్కరు అంటించి నాకు అమ్మారు. కన్ను పొడుచుకున్నా కనిపించేంత స్పష్టంగా ఉంది. ఈ మాట వెళ్ళి చెబితే కౌంటరు ఆసామి కాగితం మీద నుంచి తలెత్తాడు.

"నువ్వు బానెట్ తెరిచావా? నువ్వు మెకానిక్‌వా? సర్టిఫికెట్ ఉందా?"

"రూము ఏసీ మెకానిక్‌ని."

"ఏం చదివావు?"

ఏడో తరగతి అన్నాను. ఆయన ఆ ఏడు అంకె కాగితం మూల రాసి కింద గీత గీశాడు. ఆ గీతని నేను ఇప్పటికీ క్షమించలేదు. మూడోసారి రెండు రోజులు బండి ఉంచుకుంటాం, ముదీర్ చూస్తాడు అని మాత్రం అన్నాడు. ముదీర్ అంటే మేనేజరు. సరేనని తాళం ఇచ్చి వచ్చాను.

రెండో రోజు నేను ఒక ఇంజనీరు గారింట్లో నిచ్చెన మీద ఉన్నాను. ఆయనది విజయవాడ. నా గోల విని ఆయన అన్నాడు, "అమెరికాలో అయితే ఇలాంటి బండిని లెమన్ అంటారయ్యా. నిమ్మకాయ. నాలుగైదుసార్లు బాగుచేసినా బాగుపడకపోతే కొత్త బండి ఇవ్వాలి, లేదా డబ్బు తిరిగివ్వాలి. దానికి చట్టమే ఉంది, నిమ్మకాయ చట్టం."

"మేము టైర్ల కింద నాలుగు తొక్కించామండీ. అయిదోది పైన ఎక్కి కూర్చుందని తెలీదు" అన్నాను.

ఆయన పడిపడి నవ్వి, ఈ దేశంలో కూడా కొనేవాళ్ళకోసం కొత్తగా ఒక చట్టం వచ్చింది, వినియోగదారుల విభాగం పెట్టారు, అక్కడికి వెళ్ళు అన్నాడు. నాకు నిచ్చెన మీదే బలం వచ్చింది. సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి మా ఆవిడ సేమ్యా పాయసం చేసి పెట్టింది. ఇల్లంతా యాలకుల వాసన.

"ఏవండీ, కారు వాళ్ళు ఫోన్ చేశారండీ. వారంటీ మాఫీ చేసేశారంట!"

"ఏమన్నారు? సరిగ్గా చెప్పు."

"అరబ్బాయనండీ. హిందీలో మాట్లాడాడు. 'సెయ్యారా ఏసీ, వారంటీ మాఫీ, ఓకే?' అన్నాడు. సెయ్యారా అంటే కారు అని మీరే చెప్పారు కదా. ఓకే ఓకే అన్నాను. షుక్రియా కూడా చెప్పాను. రెండుసార్లు చెప్పాను."



మా ఊళ్ళో మాఫీ అంటే వదిలెయ్యడం. నీటితీరువా మాఫీ, వడ్డీ మాఫీ. మాఫీ అనగానే మనవాళ్ళ ముఖాలు వెలుగుతాయి. అరబ్బీలో మాఫీ అంటే లేదు. మాయ్ మాఫీ అంటే నీళ్ళు లేవు. ఫులూస్ మాఫీ అంటే డబ్బు లేదు. ఈ దేశంలో దిగినవాడు మొదటి వారంలో నేర్చుకునే మాట అది, ఎందుకంటే వాడికి అందరూ చెప్పేది అదే. మా ఆవిడ నాలుగు గోడల మధ్య పిల్లని చల్లగా ఉంచుకుంటూ మూడేళ్ళు గడిపింది. తనకి ఆ మాట ఎవరు నేర్పారు? నేనా?

వారంటీ లేదు, ఒప్పుకుంటావా అని వాడు అడిగాడు. ఒప్పుకున్నాను, మీకు కృతజ్ఞతలు అని మా ఇంటి నుంచి జవాబు వెళ్ళింది. రెండుసార్లు వెళ్ళింది.

నేను అరిచాను. అనకూడని మాటలు అన్నాను. మా ఆవిడ గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. అమ్మాయి మధ్యలోకి వచ్చి, "నాన్నా, నీకు చెమట పడుతోంది, చూసుకో" అంది. దానికి చెమట అంటే ఎప్పుడూ వింతే. ఎవరికి పట్టినా వేలితో తాకి చూస్తుంది. నా నుదురు తాకి చూసింది. ఇంకేం అరుస్తాను?

మర్నాడు బండితో పాటు కాగితం ఇచ్చారు. "కస్టమర్‌కి ఫోన్‌లో తెలిపాం. కస్టమర్ అంగీకరించారు. ఫిర్యాదు ముగిసింది."

ఆ తరువాత మధ్యాహ్నం పూట పిల్లని బండిలో ఎక్కించలేదు. బడికి పంపడం మానేశాం. పొద్దున చల్లగా ఉన్నప్పుడు దింపగలను, ఒంటిగంటకి ఎలా తెచ్చుకోను? రెండు వారాలకి బడి నుంచి చీటీ వచ్చింది, ఇలాగే రాకపోతే పేరు తీసేస్తామని. నేను ఏడో తరగతిలో మానేశాను. అది పూర్తిగా నా ఘనకార్యం, లెక్కల మాస్టారు కొట్టారని గోడ దూకి వెళ్ళిపోయాను, మళ్ళీ దూకి రాలేదు. మా అమ్మాయి యూకేజీలోనే మానేసి మా వంశంలో రికార్డు కొట్టబోతోంది. దానికి మాస్టారు కారణం కాదు, రోగం కూడా కారణం కాదు. ఒక ఫ్యాన్ కారణం. బిగించడానికి బెజ్జాలు కూడా సిద్ధంగా ఉన్న ఒక ఫ్యాన్. దాన్ని తలుచుకుంటే నాకు అన్నం సహించేది కాదు. అమ్మాయి ఇంట్లో కూర్చుని పలక మీద మా కారు బొమ్మ గీసి, దాని లోపల మంట గీసేది. "ఇది కారు కాదు నాన్నా, పొయ్యి" అనేది.

వినియోగదారుల విభాగానికి వెళ్ళాను. అక్కడి ఆఫీసరు మడమల దాకా ఉండే తెల్లటి అంగీ, కందూరా, వేసుకున్న కుర్రవయసు ఆయన. హిందీ నాకంటే బాగా మాట్లాడాడు. కాగితాలన్నీ ఒక్కొక్కటే చూశాడు. చివరి కాగితం దగ్గర ఆగాడు.

"రెండుసార్లు బండిలో లోపం లేదన్నారు. మూడోసారి నువ్వే ఒప్పుకున్నావు. ఇంక నేనేం చెయ్యను?"

"ఒప్పుకున్నది నేను కాదు సార్, మా ఆవిడ."

"అయితే ఆవిడని తీసుకురా."

మర్నాడు తీసుకెళ్ళాను. మా ఆవిడ ఇద్దరు మగవాళ్ళ ముందు ఎప్పుడూ గట్టిగా మాట్లాడిన మనిషి కాదు. ఆ రోజు మాట్లాడింది. తెలుగులో మొదలుపెట్టి, హిందీ కలిపి, చేతులతో సహా. నేను మధ్యలో సాయం చేశాను.

"మా దగ్గర మాఫీ అంటే వదిలెయ్యడం సార్. వాళ్ళు మా దగ్గర డబ్బులు తీసుకోం అన్నారు అనుకున్నాను."

ఆఫీసరుకి అర్థమవడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక కుర్చీలో వెనక్కి వాలి నవ్వాడు. పక్క బల్ల దగ్గరున్న ఆయన్ని పిలిచి అరబ్బీలో చెప్పాడు. ఆయనా నవ్వాడు. లోపలి గదిలోంచి ఇంకొకాయన వచ్చి మళ్ళీ చెప్పించుకుని నవ్వాడు. మా ఆవిడ తల దించుకుంది.

జోకులు చెప్పి బతికేవాణ్ణి నేను. నా జోకుకి నవ్వకపోతే రెండోసారి చెప్పేవాణ్ణి. కానీ ఆ గదిలో నాకు ఒళ్ళు మండింది. "సార్, మీరు నవ్వుతున్నారు. అక్కడ ఇంట్లో మా పిల్ల బడికి వెళ్ళకుండా కూర్చుంది" అన్నాను. జేబులోంచి దాని ఆసుపత్రి కాగితం తీసి బల్ల మీద పెట్టాను. అది అరబ్బీలో కూడా ఉంది. ఆయన చదివాడు. నవ్వు ఆగింది. మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

ఫోన్ తీసి కంపెనీ ముదీర్‌తో మాట్లాడాడు. అరబ్బీలో ఏమన్నాడో నాకు తెలీదు. పెట్టేశాక నాతో అన్నాడు, "రేపు నువ్వూ ఆయనా కలిసి బండిలో వెళ్తారు. టైమ్ నువ్వు చెప్పు."

"ఒంటిగంట సార్" అన్నాను.

ముదీర్ వచ్చాడు. కోటు, టై, చేతిలో ఫైలు. పెద్దమనిషి, నాతో చెయ్యి కూడా కలిపాడు. ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, గాలి వచ్చే చోట నా థర్మామీటర్ తగిలించాను. నేను రూము ఏసీలకి వాడేదే. ఉదయం నుంచీ బండిని నీడలో పెట్టలేదు, అది మాత్రం ఒప్పుకుంటాను.

"యల్లా ముదీర్, పదండి" అన్నాను.

బడి ముందు నుంచి మొదలుపెట్టాను. పరిగెడుతున్నంతసేపూ ఆయన థర్మామీటర్ చూపించి, "చూడు, ఎంత చల్లగా ఉందో" అన్నాడు. పెద్ద సిగ్నల్ వచ్చింది. ఆగాం. థర్మామీటర్ మెల్లగా ఎక్కింది. ఆయన దాన్ని చూడడం మానేసి కిటికీలోంచి బయటికి చూశాడు. కాసేపటికి టై వదులు చేశాడు. ఇంకాసేపటికి కోటు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. నుదుటి మీద చెమట కణతల మీదకి, కణతల మీద నుంచి చొక్కా కాలరు లోపలికి దిగింది.  అదృష్టవంతుడు, చెమట పడుతోంది అనుకున్నాను.

"గ్లాస్ దించు" అన్నాడు.

"ఎందుకు సార్, కంఫర్ట్ ఐటమే కదా. బ్రేకు బాగానే ఉంది. స్టీరింగ్ బాగానే ఉంది." తలుపు జేబులోంచి నీళ్ళ సీసా తీసి ఇచ్చాను. "మా అమ్మాయిది. ముఖానికి కొట్టుకోండి."

ఆయన ఆ సీసా చేతిలో పట్టుకుని చూశాడు. దాని మీద మా అమ్మాయి అంటించిన చేపల బొమ్మలున్నాయి. కొట్టుకోలేదు. "ఖలాస్" అన్నాడు, "ఖలాస్, చాలు."

అద్దం దించాను. నేనేం రాక్షసుణ్ణి కాదు.

ఆఫీసరు దగ్గర నేను అడిగింది వేరే బండి. ఒక దేశానికి కట్టిన బండిని ఇంకో దేశంలో అబద్ధం చెప్పి అమ్మారు, మార్చి ఇమ్మని. చట్టంలో బాగుచెయ్యడం, మార్చడం, డబ్బు తిరిగివ్వడం మూడూ ఉన్నాయన్నాడు ఆయన. కంపెనీ వాళ్ళు బాగుచేస్తామంటున్నారు, ముందు అది చూద్దాం అన్నాడు. సామాను రావాలని జూలై, ఆగస్టు బడి సెలవులన్నీ తిప్పి, ఆఖరికి రెండో ఫ్యాన్ బిగించారు. కండెన్సర్ కూడా పెద్దది వేశారు. ఒక పూట పని. ఆ ఒక పూట పనికోసం మా పిల్ల వేసవి సెలవుల దాకా బడి ముఖం చూడలేదు.

తాళం ఇవ్వడానికి ముందు కౌంటర్లో అదే టై ఆసామి ఒక కాగితం జరిపాడు. ఇంగ్లీషులో నాలుగు లైన్లు. చదివి చెప్పమన్నాను. చెప్పాడు. ఈ బండిలో ఎప్పుడూ ఏ లోపమూ లేదు, కస్టమర్ మీద గౌరవంతో మా ఇష్టపూర్వకంగా ఈ పని చేశాం, కస్టమర్‌కి ఇంక ఏ ఫిర్యాదూ లేదు.

"లోపం లేకపోతే ఫ్యాన్ ఎందుకు బిగించారు భాయ్, అందానికా?"

"సైన్ చెయ్యకపోతే తాళం ఇవ్వలేను. ఫార్మాలిటీ."

చింపేద్దామనుకున్నాను. మళ్ళీ ఆఫీసరు దగ్గరికి వెళ్దామనుకున్నాను. మళ్ళీ కాగితాలు, మళ్ళీ ఏడున్నర, మళ్ళీ నీడ. ఆ వారంలో బడి తెరుస్తున్నారు. వాళ్ళకీ ఆ సంగతి తెలుసు. దాని పేరు ఇంకా రిజిస్టర్లో ఉండాలంటే నాకు తాళం కావాలి. వాళ్ళు కాచుకున్నదే దానికి. అబద్ధం వాళ్ళది, సంతకం నాది.

పెన్ను తీసుకున్నాను. అప్పటిదాకా అక్కడ అన్ని కాగితాల మీదా ఇంగ్లీషులో గీకేవాణ్ణి. ఆ రోజు తెలుగులో రాశాను. తీరిగ్గా, గుండ్రంగా, బళ్ళో కాపీ రాసినట్టు.

టై ఆసామి తిప్పి చూసుకున్నాడు. "బడా అచ్ఛా సైన్ హై" అన్నాడు. తాళం ఇచ్చాడు. ఒక కాపీ నాకిచ్చాడు.

అమ్మాయి బడికి వెళ్ళింది. సిగ్నల్ దగ్గర వెనక సీట్లోంచి, "నాన్నా, చలేస్తోంది, తగ్గించు" అని మొదటిసారి అన్నప్పుడు నేను బండి పక్కకి ఆపి, వెనక్కి తిరిగి దాని బుగ్గ తాకి చూశాను. తగ్గించలేదు. నేను మాత్రం ఎవడు కొత్త కారు కొంటానన్నా వెంటపడి వెళ్ళి, నిమ్మకాయలకి ముందు బానెట్ ఎత్తించి ఫ్యాన్లు లెక్కపెట్టేవాణ్ణి. మూడు షోరూముల్లో నన్ను చూస్తే తలుపు వేసుకునేవాళ్ళు.

తరువాతి ఏడు, రెండువేల ఎనిమిదిలో, దానికి మా ఆవిడ ఇంట్లో తెలుగు నేర్పింది. గుణింతాలు అయిపోయాక కనపడిన ప్రతి కాగితమూ కూడబలుక్కుని చదివేది. ఒకరోజు ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు ముందు సీట్లోకి వంగి కాగితాల డబ్బా తెరిచి ఆ కాపీ పట్టుకుంది. ఇంగ్లీషు వదిలేసి కిందకి వెళ్ళింది.

"మా... ఫీ... లే... దు." మళ్ళీ చదివింది. "మాఫీ లేదు. నాన్నా, సంతకం అంటే పేరు రాయాలి కదా? ఇది నీ పేరు కాదుగా?"

"ఆ రోజుకి అదే నా పేరమ్మా" అన్నాను.